కప్ప టీషర్టు, డానియల్ జాన్‌స్టన్, మా చిన్నాయన కేసెట్లు - ఏం చేయమంటారు?

పాకాల_ప్యాసింజర్:

అందరికీ నమస్తే. పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి. మాది పాకాల పక్కన పల్లె, పదేళ్ళుగా తిరపతిలోనే ఉండాం. పోయిన నెల బస్టాండు బయట ఫుట్‌పాత్ మీద ఒక టీషర్టు కొన్నా, 250 చెప్పి 180కి ఇచ్చినాడు. దాని మీద ఒక కప్ప బొమ్మ, కళ్ళు రెండూ నత్తకొమ్ముల మాదిరి పైకి లేచుంటాయి, చిన్నపిల్లోళ్ళ చేతిరాతలో ఇంగ్లీషులో 'హాయ్, హౌ ఆర్ యూ' అని. బాగుందనేసి కొన్నా, అంతే. ఇంటికొస్తే మా చిన్నాయన దాన్నే చూసి చూసి "ఎవుర్రా ఈ కప్ప, అందరినీ బాగుండారా అని అడగతా ఉండాది, దీన్నెవురన్నా తిరిగి అడిగినారా" అన్నాడు.

ఆ మాటకి రాత్రి ఫోన్‌లో వెతికినా. అది అమెరికాలో డానియల్ జాన్‌స్టన్ అనే ఆయన 1983లో ఇంట్లోనే రికార్డు చేసుకున్న కేసెట్ మీది బొమ్మంట. ఆయనే గీసుకున్నాడు, ఆయనే పాడుకున్నాడు. 2019లో చనిపోయినాడు. పాట పెడితే ముప్పై సెకన్లకే ఆపేసినా నిజం చెప్పాలంటే, గొంతు పదేళ్ళ పిల్లోడిలాగా కీచుగా, వెనకాల బొమ్మ ఆర్గన్ మోత, టేపు 'స్స్‌స్' అని ఒకటే సౌండు. మర్నాడు బండి మీద పోతా ఉంటే అదే ట్యూను నోట్లో ఆడతా ఉండాది. మళ్ళీ పెట్టినా, ఈసారి ఆపలేకపోయినా.

ఇంక అసలు విషయం. మా చిన్నాయనకి 56 ఇప్పుడు. చిన్నప్పుడు ఊర్లో భజనగుడిలో హార్మోనియం వాయించేవాడు. 90 ప్రాంతంలో మనిషి మారిపోయినాడంట, నిద్ర లేదు, నాలుగు రోజులు నాలుగు రాత్రులు పాడతానే ఉండేది, ఊరందరికీ అప్పులిచ్చేసేది (లేని డబ్బు), ఆ తర్వాత మూడు నెలలు గోడకి తిరిగి పడుకునేది. గాలి సోకిందనేసి మా జేజి (నాయనమ్మ) షోళింగరు నరసింహస్వామి కొండకి తీసకపోయి కొండ కింద నెల పైన ఉంచింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలు. చివరికి ఎవరో చెప్తే వేలూరు పోయినారు, ఆడ బైపోలార్ అని చెప్పి మాత్రలు ఇచ్చినారు. ఇరవై ఏళ్ళ పైనే అయింది, లిథియం వేసుకుంటా బాగుండాడు, గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలంగట్లో మాలలు కడతాడు. పెళ్ళి చేసుకోలా. మాతోనే ఉంటాడు.

ఆ రోజుల్లో ఆయన రికార్డు చేసినవి 19 కేసెట్లు, పల్లెలో జేజి ఇంటి అటక మీద బిస్కెట్ డబ్బాలో దొరికినాయి. కొత్త కేసెట్ కొనే డబ్బుల్లేక, ఇంట్లో ఉన్న భక్తిపాటల కేసెట్లకే పైన చిల్లుల్లో కాయితం కుక్కి వాటి మీదే పాడినాడు. ఆయన పాట అయిపోయినాక సగంలోంచి సుప్రభాతం వచ్చేస్తాది. ఒక దాంట్లో మా జేజి వెనకాల నుంచి "సంగటి చల్లారిపోతా ఉండాది, ఆపి రారా" అని అరస్తాది, ఆయన అదే శృతిలో "వస్తానే అమ్మా" అని పాడి మళ్ళీ పాటెత్తుకుంటాడు. ఇంకో పాట మొత్తం రెండు ముక్కలే, పావుగంట పాడతాడు: "పాకాలలో బండి మారాల, బండి మారినా నేను మారల". నవ్వొస్తాది. మూడో నిమిషానికి నవ్వు పోతాది.

నా ఫ్రెండు "యూట్యూబ్‌లో పెట్రా, ఇది వేరే లెవెల్" అంటాడు. మాయమ్మ "చెల్లికి సంబంధాలు చూస్తా ఉండాం, ఇప్పుడు చిన్నాయన పిచ్చి ఊరికంతా చూపించల్నా" అంటాది. నాకు మటుకు డానియల్ కత చదివినప్పటి నుంచి ఒకటే డౌటు. ఆయన్ని జనం ఇష్టపడినారా, లేక పిచ్చోడు పాడతా ఉండాడు చూడు అని ఎగబడినారా? ఆ జబ్బు లేకపోతే ఆ పాటలు ఉండేవి కావా? తెలిసినోళ్ళు చెప్పండి.

దోశ_కారం:

బ్రో లేట్ చెయ్యాకు, ఫస్ట్ ఆ పాకాల జంక్షన్ పాట రీల్ పెట్టు. ఒక్క రాత్రిలో ఎక్కడికో పోతుంది. లింకు ఇక్కడ వెయ్యి.

బెంగుళూరు_చిత్తూరోడు:

రీల్ సంగతి పక్కన పెట్టండి కాసేపు. నేను కాలేజీ రోజుల్నుంచి డానియల్ జాన్‌స్టన్ వింటున్నా, మా రూములో నన్ను తిట్టని వాడు లేడు. కాబట్టి తెలిసింది రాస్తా, పొడుగైతే క్షమించండి.

ఆయన పుట్టింది 1961లో కాలిఫోర్నియాలో, పెరిగింది వెస్ట్ వర్జీనియా అనే కొండల రాష్ట్రంలో. ఇల్లు బాగా భక్తి ఉన్న క్రైస్తవుల ఇల్లు. వీడేమో పొద్దస్తమానం కామిక్ బొమ్మలు గీసుకుంటూ పియానో కొట్టుకుంటూ ఉంటే వాళ్ళమ్మ తిట్టేది, ఆ తిట్లు కూడా రికార్డు చేసి కేసెట్లో పెట్టాడు! మీ జేజి సంగటి పిలుపు చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. కాలేజీలో ఒకమ్మాయిని ప్రేమించాడు, ఆమె ఇంకొకర్ని పెళ్ళి చేసుకుంది, జీవితాంతం ఆమె మీదే వందల పాటలు. 59 డాలర్ల సాన్యో టేప్ రికార్డర్, ఒక బొమ్మ ఆర్గన్, అన్నయ్య ఇంటి గ్యారేజీ, అదే స్టూడియో.

తర్వాత ఇంట్లో చెప్పకుండా ఒక ఎగ్జిబిషన్ బ్యాచ్‌తో (మన తిరనాళ్ళలో జెయింట్ వీల్ వాళ్ళు తిరుగుతారే అలాంటిది) తినుబండారాలు అమ్ముకుంటా ఊర్లు తిరిగి టెక్సాస్‌లో ఆస్టిన్ అనే ఊర్లో దిగబడ్డాడు. ఆడ మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేస్తా కనిపించిన వాళ్ళకల్లా కేసెట్ చేతిలో పెట్టేవాడు. మొదట్లో కాపీ తీసే మెషిను కూడా లేదు, ఇంకో కేసెట్ కావాలంటే కూర్చుని ఆల్బమ్ మొత్తం మొదట్నుంచీ మళ్ళీ పాడి రికార్డు చేసి ఇచ్చేవాడు. అంటే ఒక్కో మనిషికి దొరికింది ఒక్కో కచేరీ. 1985లో ఎంటీవీ అనే మ్యూజిక్ ఛానల్ వాళ్ళు ఆస్టిన్ బ్యాండ్ల మీద ప్రోగ్రాం తీయడానికొస్తే దాంట్లోకీ దూరిపోయాడు.

ఇంతవరకూ అందరూ చెప్పే ముద్దు కథ. దీని తర్వాతది ముద్దుగా ఉండదు. 1986 నుంచి బుర్ర అదుపు తప్పింది, మధ్యలో మత్తుమందు కూడా కలిసింది. తన మేనేజరు తల మీద పైపుతో కొట్టాడు. న్యూయార్క్ పోయి స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ లోపల గోడల మీద చేప గుర్తులు గీసి పోలీసులకి దొరికాడు. ఒక ముసలామెకి దయ్యం పట్టిందని వదిలిస్తానని ఆమె ఇంట్లోకి పోతే ఆమె భయంతో పై అంతస్తు కిటికీలోంచి దూకి కాళ్ళు విరగ్గొట్టుకుంది. 1990లో ఆస్టిన్‌లో ఒక పెద్ద సభలో పాడితే జనం లేచి నిలబడి చప్పట్లు. ఆ షోకి ముందు బాగా పాడాలని మాత్రలు ఆపేశాడని ఆయన మీద తీసిన డాక్యుమెంటరీలో చెప్తారు. తిరిగి ఇంటికి పోతున్నది ఇద్దరు పట్టే చిన్న విమానం, నడిపేది వాళ్ళ నాన్నే, రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్. గాల్లో ఉండగా నేను కాస్పర్ని, ఆ కార్టూన్ దయ్యాన్ని అనుకుని ఇంజిను తాళం పీకి కిటికీలోంచి బయట పారేశాడు. ఆ పెద్దాయన ఎట్లా దింపాడో గానీ విమానం చెట్ల మీద పడి తుక్కయింది, ఇద్దరూ చిన్న దెబ్బలతో బయటపడ్డారు. కొడుకుని తిన్నగా మానసిక ఆస్పత్రిలో చేర్చారు.

చప్పట్లు కొట్టినోళ్ళెవరూ ఆ విమానంలో లేరు, నాన్న ఒక్కడే ఉన్నాడు. మీ ప్రశ్నకి నాకు తెలిసిన సమాధానం ఇదే.

ఇంక కప్ప సంగతి. 1992 ఎంటీవీ అవార్డుల్లో నిర్వాణా బ్యాండు గాయకుడు కర్ట్ కోబేన్ ఆ టీషర్టే వేసుకున్నాడు, ఒక జర్నలిస్టు ఇచ్చినది. దాంతో డానియల్ ఎవరు డానియల్ ఎవరు అని పెద్ద మ్యూజిక్ కంపెనీలు ఎగబడ్డాయి, అప్పటికి ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. ఎలక్ట్రా వాళ్ళు కాంట్రాక్టు తీసుకొస్తే నేను చెయ్యను పో అన్నాడు, ఎందుకంటే అదే కంపెనీలో మెటాలికా అనే రాక్ బ్యాండు ఉంది, వాళ్ళు సైతాను మనుషులని ఈయన నమ్మకం. తర్వాత అట్లాంటిక్‌తో 1994లో ఒక ఆల్బమ్ వచ్చింది, సరిగా పోలేదు, వాళ్ళూ వదిలేశారు. 1993లో ఆస్టిన్‌లో ఒక మ్యూజిక్ షాపు వాళ్ళు ఆ కప్పని గోడ మీద గీయించుకున్నారు, 2004లో ఆ స్థలంలో హోటల్ పెట్టేవాళ్ళు గోడ పడగొట్టబోతే ఊరోళ్ళు గొడవ చేసి ఆపించారు. అదిగో, ఆ కప్పే తిరపతి బస్టాండు బయట 180 రూపాయలకి మీ దగ్గరికొచ్చింది. ఆ డబ్బులో ఆయన కుటుంబానికి ఒక్క పైసా పోయుండదు, అది వేరే సంగతి.

గంగమ్మ_వీధి:

పైన అన్న బాగా రాసినారు కానీ ఒకటి ఒప్పుకోను. 'జనం ప్రేమ' అని ఒకటే ముద్ద చేసి చెప్పేదానికి లేదు. చికాగోలో వెస్లీ విల్లిస్ అని ఇంకొకాయన ఉండేవాడు, స్కిజోఫ్రీనియా, తలలో గొంతులు వినపడేవి, వాటిని దయ్యాలు అనేవాడు. కీబోర్డులో రెడీగా ఉండే బీటు నొక్కి దాని మీద గట్టిగా మాట్లాడినట్టు పాడేది, వందల పాటలు. కచేరీ అయినాక అభిమానుల నుదుటికి తన నుదురు గుద్దేవాడు, అది ఆయన పలకరింపు, నుదుటి మీద కాయ కాసిపోయింది. 2003లో లుకేమియాతో (రక్త క్యాన్సర్) 40 ఏళ్ళకే పోయినాడు. ఆయన షోలకి వచ్చినోళ్ళలో సగం మంది దేనికొచ్చినారంటారు? నవ్వుకునేదానికి. అదే మనిషి చికాగో వీధులు, బస్సులు, బిల్డింగులు బాల్‌పెన్నుతో ఇంచి ఇంచి గీసిన బొమ్మలు చూడండి, నోరు తెరుచుకుంటారు. వాటి దగ్గర ఎవరికీ నవ్వు రాదు.

మనూరు మాత్రం ఏం తక్కువ? గంగమ్మ జాతరలో వేషం వేసుకుని కనిపించినోడినల్లా బూతులు తిడితే భక్తి, కాళ్ళకి మొక్కతాం. జాతర అయిపోయినాక అదే మనిషి వీధిలో పాడుకుంటా పోతే రాయేస్తాం. కాబట్టి తమ్ముడూ, చిన్నాయన పాట ఇంటర్నెట్లో పెట్టే ముందు కింద కామెంట్లలో ఏం రాస్తారో నువ్వే ఒక కాయితం మీద రాసి చూసుకో. అది ఆయన చదవగలడా?

దోశ_కారం:

కామెంట్స్ ఆఫ్ చెయ్యొచ్చు కదక్కా 🙄

గంగమ్మ_వీధి:

అన్నని. ఆఫ్ చేస్తే వాట్సాప్‌లో తిడతారు.

పాకాల_ప్యాసింజర్:

బెంగుళూరన్నా, విమానం సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేసినా. మా తాత కూడా ఒకసారి చిన్నాయన కోసం రేణిగుంటలో కదిలే రైలు ఎక్కినాడంట, కాలు మడమ ఇప్పటికీ సరిగా లేదు. ఎప్పుడూ ఎవరికీ చెప్పలా ఆయన, మా నాయన చెప్పినాడు.

ఇంకో విషయం రాయడం మర్చిపోయినా. చిన్నాయన ఇప్పుడు హార్మోనియం ముట్టడు. వేళ్ళు వణకతాయి. పూలు కట్టేటప్పుడు కూడా కొంచెం తెలస్తాది కానీ అలవాటు మీద కట్టేస్తాడు. "మాత్ర పాటని తినేసింది" అంటాడు అప్పుడప్పుడు. అది నిజమా?

తెల్లచీర_అక్క:

నేను డాక్టర్ని కాదు, సైకియాట్రీ వార్డులో పదకొండేళ్ళు చేసిన నర్సుని, మాది శ్రీకాళహస్తి. ఆ 'మాత్ర తినేసింది' మాట మీద రాయకుండా ఉండలేకపోయాను.

వేళ్ళు సన్నగా వణకడం లిథియం వాడేవాళ్ళలో చాలామందికి ఉంటుంది. డానియల్ చివరి ఏళ్ళ వీడియోలు ఇప్పుడే చూశాను, ఆయన చేతులు కూడా వణుకుతూనే ఉన్నాయి, ఏ మందు వల్లో నేను చెప్పలేను కానీ అలాంటి చేతులు రోజూ చూసేదాన్ని. మీ చిన్నాన్నగారు ఇరవై ఏళ్ళుగా అది మామూలే అనుకుని డాక్టరుకి చెప్పి ఉండరు. చెప్పమనండి. డోసు చూసో, వేసుకునే టైము మార్చో, వణుకు తగ్గడానికి ఇంకో మాత్ర కలిపో సర్దుతారు. సొంతంగా మాత్రం ఆపకూడదు, తగ్గించకూడదు. లిథియం ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టేది చాలా ఎక్కువ, అందులోనూ మేనియా, అంటే నిద్ర లేకుండా ఊగిపోయే ఆ దశ.

రక్తంలో లిథియం ఎంతుందో టెస్టు చేయిస్తున్నారా? మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు, ఎక్కువైతే విషమే. కిడ్నీ, థైరాయిడ్ కూడా చూస్తూ ఉండాలి. మన ఎండల్లో ఇది ఇంకా ముఖ్యం, ఒంట్లో నీళ్ళు తగ్గితే లిథియం పెరిగిపోతుంది. మా వార్డుకి ఒకాయన మే నెలలో ఉపవాసముండి అలిపిరి మెట్లెక్కి, 3550 మెట్లు, పైన కళ్ళు తిరిగి పడిపోయి వచ్చారు, నడక తూలిపోతోంది, మాట ముద్దగా ఉంది, తాగొచ్చాడేమో అనుకున్నారంట దారిలో అందరూ. వాంతులు, విరేచనాలు, నడక తూలడం, చేతులు బాగా ఊగిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ పూట మాత్ర వేయకుండా నేరుగా ఆస్పత్రికి. మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, వాటితో కూడా పెరుగుతుంది. ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. పూలంగట్లో నేల మీద కూర్చునే పని కదా, మోకాళ్ళ నొప్పి ఉండే ఉంటుంది, అందుకే చెప్తున్నా.

ఇంక మీ రెండో ప్రశ్న, జబ్బు లేకపోతే పాటలు ఉండేవి కావా అని. మేనియాలో మనిషికి మాట ఆగదు, ఐడియా ఆగదు, రాత్రికి నోటుపుస్తకం నిండిపోతుంది, అది నిజమే. ఆ పుస్తకాలు నేను చాలా చదివాను. చాలావరకు ఒకే వాక్యం ఇరవై పేజీలు. మీ చిన్నాన్నగారు జబ్బు రాకముందే భజనగుడిలో హార్మోనియం వాయించేవారని మీరే రాశారు, ఆ చెయ్యి జబ్బు ఇచ్చింది కాదు. తర్వాత మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నారే, అది మాత్రం జబ్బు ఇచ్చిందే. ఆ మూడు నెలల్లో ఒక్క కేసెట్ ఉందేమో డబ్బాలో వెతకండి, ఉండదు.

ఎముక విరిగితే తెల్లారేలోగా పుత్తూరు కట్టుకి పోతాం, మనసు విరిగితే పదేళ్ళు దాస్తాం. ఎవరికైనా అవసరమైతే మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. మీ అమ్మగారి భయం మీద మాత్రం నేనేమీ అనను. సంబంధాల వాళ్ళు ఏమేం అడుగుతారో ఆడపిల్ల తల్లికి తెలుస్తుంది.

సంకీర్తన_ప్రియ:

అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద గుళ్ళో గదిలో కొన్ని వందల ఏళ్ళు మూసిపెట్టి ఉన్నాయి, బయటికి తీసినాకే కదా లోకానికి తెలిసింది. అటక మీద నుంచి దించడమే పుణ్యం అండి.

గంగమ్మ_వీధి:

అన్నమయ్య ఆ రేకుల మీద ఒక కాలేజీ అమ్మాయి పేరు రాసుండడు కదండీ. కేసెట్లలో ఎవరెవరి పేర్లు ఉన్నాయో ముందు వినమనండి తమ్ముణ్ణి. డానియల్ పాటల్లోని ఆమె ఎవరో పాపం జనానికంతా తెలిసిపోయింది.

రీలు_మామ:

పదైదేళ్ళు కేసెట్ల అంగడి పెట్టినోణ్ణి, ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతా ఉండా, ఏం చేస్తాం. పెట్టడం పెట్టకపోవడం మీ ఇంటి సంగతి, ఇప్పుడైతే కేసెట్లు చచ్చిపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించు అబ్బాయ్, ముప్పై ఏళ్ళ టేపు అటక వేడికి ఉండిందంటే రోజులు లెక్కే.

ముందు చిల్లుల్లో కుక్కిన ఆ కాయితాలు పీకేయ్, లేకపోతే పొరపాటున ఎర్ర బటన్ నొక్కితే సుప్రభాతం చెరిపి ఆయన పాడినట్టు, ఆయన పాట చెరిపి నీ దగ్గు రికార్డవుతాది. కిటికీలోంచి చూడు, రీలు మీద తెల్లగా బూజుంటే ఆ కేసెట్ ప్లేయర్లో పెట్టొద్దు, హెడ్డు పాడై మిగతావి కూడా పోతాయి, వాటిని పక్కనుంచు. బూజు లేనివి ముందు ఒకసారి చివరిదాకా తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పు, రీలు వదులవుతాది. కేసెట్ కింది అంచున మధ్యలో, రీలు వెనకాల చిన్న స్పాంజి ముక్క ఉంటాది చూడు, అది ఊడిపోయుంటే సౌండు నీళ్ళలోంచి వచ్చినట్టుంటాది, పాత పనికిరాని కేసెట్లోది తీసి అంటించు. హెడ్డుని ఇయర్‌బడ్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడువు, ప్రతి రెండు మూడు కేసెట్లకీ. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి లాప్‌టాప్‌కి వైరు, ఆడాసిటీ అని ఫ్రీ సాఫ్ట్‌వేరు ఉంది, వేవ్ ఫైలుగా దాచుకో, ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు. ఆ 'స్స్' సౌండు తీసేయాలని నాయిస్ తగ్గించే బటన్ ఎక్కువ నొక్కావంటే గొంతు డబ్బాలో పెట్టినట్టయిపోతాది, వదిలేయ్ దాన్ని.

90 అని రాసుండే కేసెట్లు రీలు పల్చన, మెల్లిగా చెయ్యి. ఇంకోటి, యూట్యూబ్‌లో ఎప్పుడైనా పెడితే చివర్లో వచ్చే ఆ భక్తిపాట ముక్కకి కంపెనీ వాళ్ళ కాపీరైట్ కొట్టుద్ది. కోసేయ్.

పాకాల_ప్యాసింజర్:

మామా, ఆ ముక్క కొయ్యను. యూట్యూబ్‌లో పెట్టకపోయినా పర్లేదు గానీ అది ఉండాల్సిందే.

సరే, ఏం జరిగిందో చెప్తా. 19లో 14 ఎక్కించినా, మూడు బూజు, రెండు రీలు తెగిపోయినాయి. గంగమ్మ వీధి అన్న చెప్పినట్టే అన్నీ కూర్చోని విన్నా. ఏడో కేసెట్లో ఒక పేరుంది. మా ఊరి ఆమే, ఇప్పుడు తిరపతిలోనే ఉంటాది, మనవరాలిని స్కూలుకి దింపేదానికి మా వీధిలోనే పోతాది. చిన్నాయనతో రోజూ పూలు కొంటాది!! నాకైతే చెమటలు పట్టినాయి.

నిన్న ఆదివారం మధ్యాన్నం అంగడి కట్టేసినాక ఆయన్ని కూర్చోబెట్టి ఇయర్‌ఫోన్లు పెట్టి ఒక సైడంతా వినిపించినా. డానియల్ గురించి కూడా చెప్పినా, విమానం సంగతితో సహా. వింటా ఉన్నంతసేపు ఏం మాట్లాడలా, జేజి అరిచిన కాడ మాత్రం ఒక చెవిలోది తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. జేజి పోయి ఆరేళ్ళు. అయిపోయినాక "ఏడోది ఉందా" అన్నాడు. ఉందన్నా. "దాన్ని కంప్యూటర్లోంచి కూడా తీసెయ్" అన్నాడు. తీసేసినా. కేసెట్ ఆయన చేతికే ఇచ్చినా, జేబులో పెట్టుకున్నాడు.

మిగతావి యూట్యూబ్‌లో పెడదామా అంటే "అప్పుడు నాకు జరం మాదిరి ఉండేది రా, సగం తాళం తప్పినా, ఇవి ఎవురికీ ఇయ్యాకు. మళ్ళీ పాడతా, అప్పుడు పెట్టుకో" అన్నాడు. "ఆ అమెరికా ఆయన ఒక్కో కేసెట్‌కి మొదట్నుంచీ పాడేవాడన్నావు కదా, పాపం ఎంత ఓపికో" అనేసి నవ్వినాడు. మాయమ్మ లోపల్నుంచి వింటానే ఉండాది, ఏమీ అనలా, టీ తెచ్చిపెట్టింది. తెల్లచీర అక్కా, బుధవారం వేలూరు పోతా ఉండాం, రక్తం టెస్టు చేసి ఏడాదిన్నర అయిందంట, మోకాళ్ళకి మాత్రలు కూడా నిజంగానే వేసుకుంటా ఉండాడు, మీరు రాసిన రోజే ఆపించినా.

కప్ప టీషర్టు ఇప్పుడు ఆయన దగ్గరే ఉండాది. పూలంగటికి అదే వేసకపోతా ఉండాడు, నాకు కొంచెం టైటు కూడా, పోనీలే.

ఒక్క సాయం కావాల. పల్లె నుంచి హార్మోనియం తెచ్చినాం, తిత్తి ఎలకలు కొరికేసినాయి, రెండు మెట్లు లేవడం లేదు. తిరపతిలో గానీ చిత్తూరులో గానీ బాగుచేసేవాళ్ళు ఎవురన్నా ఉండారా? ఎంతవతాది సుమారుగా?

రీలు_మామ:

తిత్తి మార్చేది పెద్ద పని కాదు, మెట్లకి లోపల స్ప్రింగులు పోయుంటాయి. ఫోటో పెట్టు, వెనక మూత తీసి.